ముందు వెచ్చదనం, ఆ తర్వాతే పాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఉడతల గురించే. చలికాలం వస్తే ఇంతే, ఎందుకంటే కరెంటు తీగలకి అడ్డమొస్తున్నాయని కొమ్మలు కొట్టేది ఇప్పుడే, పండక్కి ఇల్లు దులిపి రంగులేయించేది ఇప్పుడే, ఏసీలు ఆపేసి అవుట్‌డోర్ యూనిట్ మీద పాత పట్టా కప్పేదీ ఇప్పుడే, తల్లి ఉడతకేమో ఆ ఆగిపోయిన ఏసీ డబ్బా కంటే సుఖమైన ఇల్లు ఇంకోటి దొరకదు. నేను డాక్టర్ని కాదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. మల్కాజిగిరిలో మా వేపచెట్టు కింద పడ్డవాటిని, పక్కవాళ్ళు అట్టపెట్టెల్లో తెచ్చి చేతిలో పెట్టినవాటిని పెంచి వదిలిన అనుభవం, మాకు తెలిసిన వెటర్నరీ డాక్టరు గారు తిట్టి తిట్టి నేర్పిన నాలుగు ముక్కలు, అంతే నా చదువు.

ప్రశ్న: నమస్తే మేడం. మా బాల్కనీల ఏసీ వెనక మూడు ఉడుత పిల్లలు దొరికినయి. పెయింటర్ తెలియక గూడు పీకేసిండు. కళ్ళు తెరవలే, వీపు మీద చారలు కనబడుతున్నయి, వెంట్రుకలు సన్నగ వస్తున్నయి. తల్లి రెండుసార్లు గోడ మీదికొచ్చి చూసి పోయింది. మనిషి చెయ్యి తగిలితే తల్లి ఇగ దగ్గరికి రానియ్యదని మా అత్తమ్మ అంటుంది. రాత్రిపూట చలి మస్తుగుంది. పాలు ఏం పట్టాలె, ఎంత పట్టాలె?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: ఈ ఉత్తరంలో ఫోన్ నంబర్ ఉంది కాబట్టి బతికిపోయాం, పత్రిక అచ్చయ్యేదాకా ఆగితే ఆ పిల్లలు ఆగవు కదా, అందుకే అప్పుడే ఫోన్ చేసి మాట్లాడాను. మిగతావాళ్ళకి పనికొస్తుందని అదే మళ్ళీ ఇక్కడ రాస్తున్నా.

తల్లి రెండుసార్లు వచ్చి చూసి పోయిందన్నారు చూడండి, ఉత్తరం మొత్తంలో నాకు కావాల్సిన ముక్క అది. మీరు పాల గురించి అడిగారు, నేను తల్లి గురించి చెప్తున్నా. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందనేది ఊరికే మాట, అత్తమ్మ గారికి కోపం రాకుండా చెప్పండి. తల్లి ఉడత పిల్లని నోట కరుచుకుని గోడెక్కుతుంది, ఆ పిల్ల తల్లి మెడ చుట్టూ మఫ్లర్‌లా చుట్టుకుంటుంది, ఒక్కసారి చూశారంటే ఇంక డబ్బా పాల గురించి మీరే అడగరు. కాబట్టి మొదటి ప్రయత్నం ఎప్పుడూ అదే: చెప్పుల డబ్బాలో పాత చీర ముక్క పరిచి, కింద గోరువెచ్చని నీళ్ళ సీసా పెట్టి, పిల్లల్ని అందులో ఉంచి, గూడు ఎక్కడ ఉండేదో వీలైనంత దగ్గర్లో, కాస్త ఎత్తులో పెట్టాలి. పెట్టి మనం లోపలికొచ్చి తలుపేసుకోవాలి. కిటికీ దగ్గర నిలబడి వీడియో తియ్యడానికి అందరూ గుమిగూడితే అది రాదు. పెయింటర్‌ని కూడా ఆ పూటకి ఇంకో గోడ చూసుకోమనండి.

ఇది పగలు చెయ్యాల్సిన పని. ఉడత చీకటి పడితే బయట తిరగదు, రాత్రంతా డబ్బా బాల్కనీలో పెడితే తల్లి రాకపోగా పిల్లి వస్తుంది, చీమలు వస్తాయి. చీమలంటే నాకు పిల్లి కంటే భయం, కళ్ళు తెరవని పిల్లని గంటలో కొరికేస్తాయి, డబ్బాని ఒక గిన్నె మీద పెట్టి ఆ గిన్నెని నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టండి, మన అమ్మమ్మలు బెల్లం గిన్నెకి చేసినట్టే. చీమల చాక్‌పీసుతో గీత మాత్రం గియ్యొద్దు, అది మందు, పిల్లకి కూడా మందే.

ఉప్పల్‌లో ఏమైందంటే, పదకొండున్నరకి తల్లి వచ్చి ఒకదాన్ని తీసుకెళ్ళింది, ఇరవై నిమిషాలకి ఇంకోదాన్ని. ఆ తర్వాత పక్క డాబా మీద పిల్లలెవరో క్రికెట్ మొదలుపెట్టారు, మూడోదాని కోసం రాలేదు. సాయంత్రం లోపలికి తెచ్చి, మర్నాడు పొద్దున మళ్ళీ మధ్యాహ్నం దాకా పెట్టి చూశారు, రాలేదు. అప్పుడు గానీ మనం తల్లి అవతారం ఎత్తకూడదు.

ఇప్పుడు పాలు. ఆగండి, పాలు కాదు, వెచ్చదనం. పిల్లని చేతిలోకి తీసుకుంటే మీ అరచెయ్యి కంటే చల్లగా ఉందా, అయితే చుక్క కూడా పట్టకండి. ఒళ్ళు చల్లబడ్డ పిల్లకి పాలు అరగవు, కడుపులో పులుస్తాయి, మింగే ఓపిక కూడా ఉండదు కాబట్టి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు గుడ్డలో చుట్టి రెండు చేతుల మధ్య ఒక అరగంట పెట్టుకోండి. తర్వాత డబ్బాలో ఒక పక్కన మాత్రమే వేడి, రెండో పక్క మామూలుగా ఉండాలి, ఎక్కువైతే అదే పాక్కుంటూ జరుగుతుంది. నా పద్ధతి బియ్యం సాక్సు: గుప్పెడు బియ్యం పెనం మీద వేడి చేసి, శుభ్రమైన సాక్సులో పోసి ముడేసి, చేతికి గోరువెచ్చగా తగిలేదాకా ఆగి, గుడ్డ కింద పెట్టడం. రెండు గంటలకోసారి మళ్ళీ వేడి చెయ్యాలి. వెంట్రుకలు రాని పిల్లకి ఆ గుడ్డల్లో 30, 32 డిగ్రీలు కావాలి, మన దగ్గర జనవరి రాత్రుళ్ళు 12, 13కి పడిపోతాయి, పటాన్‌చెరు రాజేంద్రనగర్ వైపైతే ఇంకా తక్కువ. పాతకాలం బల్బు ఉంటే డబ్బాకి దూరంగా పెట్టొచ్చు, ఇప్పటి ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది తప్ప వేడివ్వదు, ఒకాయన నాలుగు రోజులు అది పెట్టి ఎందుకు వణుకుతోందండీ అని అడిగారు. టర్కీ టవల్ పరచకండి, దాని దారాల్లో గోళ్ళు ఇరుక్కుంటాయి, పాత బనియన్ గుడ్డ బంగారం.

ఒళ్ళు వెచ్చబడ్డాక మెడ వెనక చర్మం చిన్నగా పట్టి వదలండి. ముడత అలాగే నిలబడితే ఒంట్లో నీళ్ళు లేవని అర్థం. మొదటి రెండు మూడు సార్లు పాలు కాకుండా ఓఆర్‌ఎస్ నీళ్ళు పట్టండి, మందుల షాపులో దొరికే పొడి, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళలో కలపమంటే అన్ని నీళ్ళలోనే. టెట్రాప్యాక్‌లో వచ్చే ఆపిల్ ఆరెంజ్ తియ్యటి డ్రింకులు కావు.

ఆ తర్వాత పాలు, అవి కూడా ఆవుపాలు గేదెపాలు కాదు, వాటితో విరేచనాలు పట్టుకుంటాయి, ఇంత పిల్లకి ఒక్క రాత్రి విరేచనాలైతే చాలు. పెట్ షాపుల్లో కుక్కపిల్లల పాలపొడి దొరుకుతుంది, అది తేండి, దొరికేలోపు ఒక పూటకి మేకపాలు. సూది తీసేసిన 1 ఎంఎల్ సిరంజి. పిల్ల బరువులో నూటికి ఐదు వంతులు ఒక్కోసారికి, అంటే 20 గ్రాముల పిల్లకి 1 ఎంఎల్. వంటింటి త్రాసు మీద చిన్న గిన్నె పెట్టి రోజూ పొద్దున తూచి రాసుకోండి. ఉప్పల్ పిల్ల మొదటి రోజు 22. కళ్ళు మూసుకుని ఉన్నన్నాళ్ళు రెండు మూడు గంటలకోసారి, అర్ధరాత్రి ఒకసారి తెల్లవారుజామున ఒకసారి లేవాలి, తప్పదు, మూడు వారాలు దాటాక కళ్ళు తెరిస్తే నాలుగు గంటలకోసారి చాలు, రాత్రి మీరూ పడుకోవచ్చు.

ఎలా పట్టుకోవాలనేది ఇంకా ముఖ్యం, ఇక్కడ నా తప్పు చెప్పాలి. నేను పెంచిన మొదటి పిల్లని మన పసిపిల్లల్లా వెల్లకిలా పడుకోబెట్టి ఇంక్ ఫిల్లర్‌తో ఆవుపాలు పోశాను. ముక్కులోంచి తెల్లగా బుడగ వచ్చింది, తుడిచేసి మళ్ళీ పోశాను. ఆ రాత్రి ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా టిక్ టిక్ మని చప్పుడు, గోడగడియారం అనుకున్నా మొదట. పొద్దున ఒక క్లినిక్‌కి పరిగెత్తితే ఉడతల్ని మేం చూడం అన్నారు. మూడో రోజు పోయింది. కాబట్టి పిల్ల పొట్ట కిందికి, తల కాస్త పైకి, చేతిలో నిలబడ్డట్టు ఉండాలి, సిరంజి పక్కనించి, అదే చప్పరించేలా ఒక్కో చుక్క. ముక్కులోకి వచ్చిందా, వెంటనే ఆపి తల కిందికి వంచి తుడవండి, ఊపిరిలో చప్పుడు వినిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి.

ఇంకోటి, చాలామందికి తెలీదు. ఈ వయసు పిల్లలు వాటంతటవి ఉచ్చ పొయ్యలేవు, తల్లి నాకితేనే పోస్తాయి. మీరు నాకక్కర్లేదు, గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూది ముక్కతో తోక కింద మెల్లగా అద్దుతూ ఉండండి, ప్రతిసారీ పాలు పట్టే ముందో తర్వాతో. పసుపు చుక్కలు దూదికి అంటాయి. అంటలేదంటే పొట్ట ఉబ్బుతుంది.

ప్రశ్న: అక్కా, మా పాప సైన్స్ బుక్‌లో ఉడతలు చలికాలం అంతా నిద్రపోతాయని ఉందట. మా దగ్గరున్న పిల్ల రెండు రోజుల నుంచి ముడుచుకుని పడుకుంటోంది, ముట్టుకుంటే చల్లగా ఉంది, లేపితే లేవట్లేదు. నిద్ర చెడగొట్టకూడదని పాలు కూడా ఆపేశాం. ఎన్ని రోజులు పడుకుంటుంది?
– కూకట్‌పల్లి నుంచి

జవాబు: అమ్మా, ఇది చదువుతూనే గుండె జారిపోయింది. అది నిద్ర కాదు, చలికి ఒళ్ళు చచ్చుబడిపోవడం. పుస్తకంలో రాసింది మంచు కురిసే దేశాల్లో నేలలో బొరియలు చేసుకునే ఉడతల సంగతి అయ్యుంటుంది, అవి నిజంగానే నెలల తరబడి పడుకుంటాయి. మన వీపు మీద మూడు చారల ఉడత ఆ జాతి కాదు, దానికి శీతాకాల నిద్ర లేదు, సంక్రాంతి పొద్దున్నే మీ పిట్టగోడ మీద ఎండకి కూర్చుని కిచకిచమని అరిచేది అదేగా, పాపకి చూపించండి. నంబర్ ఇవ్వలేదు కాబట్టి మీ పిల్ల ఎలా ఉందో నాకు తెలీదు. ఇంకెవరికైనా ఇలాగే జరిగితే పైన చెప్పిన బియ్యం సాక్సు, అరచేతులు, ఒళ్ళు వెచ్చబడ్డాక ఓఆర్‌ఎస్, ఈ వరసలో వెళ్ళండి, గంటలో కదలిక రాకపోతే డాక్టరు.

ప్రశ్న: మేము రెండు నెలల నుంచి ఉడతని పెంచుతున్నాం, పేరు చిట్టి. పల్లీలు, మారీ బిస్కెట్, రస్క్ అంటే ప్రాణం, ఇంకేం పెట్టినా విసిరేస్తుంది. వారం నుంచి వెనక కాళ్ళు ఈడుస్తోంది, ఎక్కలేకపోతోంది. ఎక్కడా పడలేదు, మంచం మీద నుంచి కూడా. చలికి కాళ్ళు పట్టేశాయా? నువ్వుల నూనె రాస్తున్నాం.
– దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు

జవాబు: నూనె ఆపండి తల్లీ, కాళ్ళు చలికి పట్టెయ్యలేదు. జవాబు మీ ఉత్తరంలోనే ఉంది: పల్లీ, బిస్కెట్, రస్క్. పల్లీలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, బిస్కెట్లో ఏమీ లేదు. తిండిలో కాల్షియం రాకపోతే ఒళ్ళు ఊరుకోదు, ఎముకల్లోంచి లాక్కుంటుంది, ఎదిగే వయసులో ఆ ఎముకలు మెత్తబడి వంగిపోతాయి, విరిగినా పైకి తెలీదు. ఇంట్లో పెంచిన ఉడతలు పోయేది పిల్లి వల్ల కంటే ఈ పల్లీల వల్లే ఎక్కువని నా అనుభవం. పైగా చలి అని కిటికీలు మూసి గదిలోనే ఉంచి ఉంటారు, ఎండ లేకపోతే ఉన్న కాల్షియం కూడా ఒంటికి పట్టదు, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ వెచ్చగా ఉంటుంది గానీ దానికి కావాల్సిన కిరణాలు అద్దం దాటి రావు.

ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, ఇవాళే. కాల్షియం ఎంత, ఏ మందు అనేది బరువు చూసి ఆయన చెప్పాలి, నేను డోసు రాయను. ఊళ్ళో ప్రతి క్లినిక్‌లోనూ ఉడతల్ని చూడరు, కుందేళ్ళని పక్షుల్ని చూసే డాక్టరు ఎవరని ముందు ఫోన్లో కనుక్కుని వెళ్ళండి, చలిలో ఆటోలో ఊరంతా తిప్పకండి. ఎక్కే అవకాశం లేకుండా తక్కువ ఎత్తు డబ్బాలో మెత్తని గుడ్డల మీద ఉంచండి. త్వరగా చూపిస్తే చాలావరకు కోలుకుంటాయి, నేను చూసిన ఒకటి మూడు వారాల్లో మళ్ళీ కర్టెన్ ఎక్కింది.

తిండి విషయానికొస్తే, విసిరేస్తుందని మనం లొంగిపోకూడదు, ఇంట్లో చిన్నపిల్లలకి చిప్స్ సంగతి ఎలాగో ఇదీ అలాగే. పొద్దున ఆకలి మీద ఉన్నప్పుడు మునగాకు, క్యారెట్, బీరకాయ ముక్క, లేత ఆకులు పెట్టండి, తర్వాత జామకాయ ముక్క, రేగుపళ్ళు ఇప్పుడు రోడ్డు మీద రాశులు పోసి అమ్ముతున్నారు కదా గింజతో పాటు ఇవ్వండి, రాగి పిండి ముద్ద చిన్నది. పల్లీ రోజుకి ఒకటి, వేయించనిది, ఉప్పు లేనిది, అది కూడా కాళ్ళు బాగయ్యాకే. బిస్కెట్ డబ్బా దానికి కనబడకుండా దాచెయ్యండి. లవ్‌బర్డ్స్ పంజరంలో వేలాడదీసే తెల్లని కటిల్‌ఫిష్ ఎముక ఒకటి తెచ్చి పెట్టండి, జామ కొమ్మ వేప పుల్ల బెరడుతో సహా పెట్టండి. ముందు పళ్ళు బతికినన్నాళ్ళు పెరుగుతూనే ఉంటాయి, కొరకడానికి గట్టిది లేకపోతే మీ ఛార్జర్ వైరే కొరుకుతుంది. రోజూ పొద్దున ఎండలో అరగంట, డబ్బాకి జాలీ కట్టి, సగం నీడ ఉండేలా, పక్కన మనిషి ఉండాలి. గద్దలకి పన్నెండో అంతస్తు బాల్కనీ అయినా ఒకటే.

ప్రశ్న: ఉడత పిల్ల మా బాబు వేలు కొరికింది, రక్తం వచ్చింది. రేబిస్ ఇంజెక్షన్ వేయించాలా?
– నాచారం

జవాబు: వెంటనే ట్యాప్ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, అది ఎవరు కరిచినా చెయ్యాల్సిందే. ఉడత, ఎలుక లాంటి చిన్న జంతువుల్లో రేబిస్ దొరకడం చాలా చాలా అరుదు. అయినా బాబుని డాక్టరుకి చూపించి ఆయన మాటే వినండి, టీటీ ఎప్పుడు వేయించారో కూడా చెప్పండి. కుక్కో పిల్లో కరిస్తే ఈ అరుదు మాట పనికిరాదు, సోది లేకుండా ఇంజెక్షనే. అలాగే పిల్లి నోట్లోంచి తప్పించిన ఉడత పిల్ల మీ చేతికొస్తే, పైకి చిన్న గాటే కనబడినా ఆ రోజే యాంటిబయాటిక్ పడాలి, పిల్లి పంటి మీది క్రిములు మర్నాటిదాకా ఆగనివ్వవు.

ప్రశ్న: మా ఉడత పెద్దదైంది. పంజరం కొని ఉంచేసుకుందామని పిల్లలు, కేబీఆర్ పార్కులో వదిలేద్దామని మావారు. మీరేమంటారు?
– ఒక గృహిణి, అమీర్‌పేట

జవాబు: రెండూ వద్దంటాను, మీ ఇంట్లో అందరికీ నా మీద కోపం రానివ్వండి.

పంజరం సంగతి ముందు. ఉడత పెంపుడు జంతువు కాదు, మన దేశంలో 1972 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. తల్లి లేని పిల్లని ఫారెస్టు వాళ్ళకి ఫోన్ చేసి చెప్పి సాకి వదలడం ఒకటి, షోకేసు పక్కన పంజరంలో పెట్టుకోవడం ఒకటి. చట్టం పక్కన పెట్టినా, తొమ్మిది నెలలు నిండేసరికి అది ఈడుకొస్తుంది, అప్పుడు మీ చిన్నారి ఉడతే మీ వేలికి నాలుగు కుట్లు వేయించగలదు.

కేబీఆర్ మంచి పార్కే, 390 ఎకరాలు, చెట్లకి లోటు లేదు. కానీ ఆ చెట్లు ఖాళీగా లేవండి. అక్కడి ఉడతలు కొత్తదాన్ని తరుముతాయి, తిండి ఎక్కడుందో పిల్లి ఎక్కడ కూర్చుంటుందో దీనికి తెలీదు. మనం కారు దిగి వదిలి చెయ్యూపి వచ్చేస్తాం, అది ఆ సాయంత్రానికే అయిపోవచ్చు. ఎక్కడ దొరికిందో అక్కడే వదలాలి, అది మీ వీధి చింతచెట్టైనా సరే.

ఎప్పుడంటే, రెండున్నర మూడు నెలలు నిండాలి, పాలు పూర్తిగా మానాలి, కాయ గింజ సొంతంగా ఒలుచుకోవాలి, తోక కుచ్చుగా రావాలి, అన్నిటికంటే ముఖ్యం మీ ఇంటికొచ్చిన కొత్తమనిషిని చూసి పారిపోవాలి. అందరి చేతుల్లోకీ ఎక్కే ఉడత బయట ఒక్క వారం బతకదు, అందుకే కళ్ళు తెరిచి తిరుగుతున్న దగ్గర్నుంచి దాన్ని ముద్దు చెయ్యడం తగ్గించాలి, ఇది చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు.

తేదీ కూడా చూసుకోండి, పంచాంగం కాదు గాలిపటాలు. సంక్రాంతి వారం అస్సలు వదలొద్దు. చైనా మాంజాని ఎప్పుడో నిషేధించారు, అయినా ప్రతి జనవరిలో చెట్ల నిండా అదే, కొమ్మ కొమ్మకీ చుట్టుకుని ఉంటుంది, కాలికి తగిలితే ఎముక దాకా కోస్తుంది. పండగైపోయాక మీ చెట్టుకి అందినంత వరకు దారాలు తీయించండి, వాచ్‌మన్ పిల్లలకి కిలో రేగుపళ్ళు కొనిస్తే గంటలో తీసేస్తారు. ఫిబ్రవరి వచ్చి రాత్రి చలి విరిగాక, ఎండెక్కిన పొద్దున, ఏ ఎనిమిదికో, అది పడుకునే చెక్కపెట్టెనే బాల్కనీ గ్రిల్‌కి గట్టిగా కట్టి తలుపు తీసి ఉంచండి. తోలకండి. మొదటి రోజు గ్రిల్ దాకా వెళ్ళి వచ్చేస్తుంది, మూడో రోజు కొమ్మ మీద మధ్యాహ్నం దాకా ఉంటుంది, రాత్రికి పెట్టెలోకి వస్తుంది. రెండు మూడు వారాలు తిండి, నీళ్ళు అక్కడే పెట్టండి. ఒక రాత్రి రాదు. ఆ రాత్రి మీకు నిద్ర పట్టదు, నాకు ఇప్పటికీ పట్టదు, టార్చి వేసుకుని చెట్టు కింద తిరిగితే మా వాచ్‌మన్ నన్ను దొంగనుకున్నాడోసారి. పెట్టె మాత్రం వెంటనే విప్పకండి, ఇంకో నెల ఉండనివ్వండి.

మరచిపోయా, ఉప్పల్ వాళ్ళు మొన్న ఫోన్ చేశారు. కళ్ళు తెరిచింది, 47 గ్రాములకి వచ్చింది, నిన్న రాత్రి బియ్యం సాక్సు కొరికి గది నిండా గింజలు పోసిందట, తిడుతున్నారో మురిసిపోతున్నారో అర్థం కాలేదు. సాక్సు మార్చండి, ఆ బియ్యం మాత్రం వండుకోకండి అన్నాను. అత్తమ్మ గారు పక్కనుంచి, "రాత్రి రెండు గంటల పాలు నేనే పడుతున్న, అది గూడ రాయిమను" అన్నారు. రాశానమ్మా.